జర్మన్ ఒకటి, మన ఏడు

ఆదివారం ఆరాధన అయ్యాక, కెనడాలో మా మిల్టన్ ఊరి చర్చి హాల్లో కాఫీ కప్పులు పట్టుకుని స్టూడెంట్లు నా చుట్టూ చేరతారు. "అంకుల్, మా సూపర్‌వైజర్ మనిషి కాదు, రాక్షసుడు" అని మొదలుపెడతారు. పని నేర్పడట, అడిగితే అరుస్తాడట, తప్పు తనదైనా వీళ్ళ మీదకే తోస్తాడట. నేను అయ్యో పాపం అన్నట్టు తల ఊపుతూ వింటాను. మనసులో మాత్రం, ఒరేయ్ పిల్లలూ, ఆ రాక్షసుడి ఉద్యోగం పంతొమ్మిదేళ్ళు చేసి రిటైరైనవాణ్ణి నేనే కదరా అనుకుంటాను. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో నేను గొప్పగా కనబడను. మా ఆవిడ చదివి, "ఇంత పచ్చిగా రాయాలా ఏంటండీ?" అంది. రాయాలి.

గ్వెల్ఫ్ ఊరి చివర జర్మన్ల క్లబ్బు ఒకటి ఉండేది. ఒక పెద్ద హాలు, దానికో స్టేజీ, ఒక బార్, వెనక కిచెన్. ఆ హాలుకీ కిచెన్‌కీ నేను మేనేజర్ని. మాది గుంటూరు, తాతల కాలం నుంచీ లూథరన్లం. ఇంటర్వ్యూలో "మా పద్ధతులు నీకేమైనా తెలుసా?" అని అడిగితే, నేను ఛాతీ విరుచుకుని, "ఎందుకు తెలియవండీ, నేను లూథరన్ని. మనం మనం ఒకటే" అన్నాను. ఎదురుగా కూర్చున్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. వాళ్ళు రైన్ నది ఒడ్డు నుంచి వచ్చిన కేథలిక్కులనీ, లూథరన్ అంటే నవ్వడం చేతకానివాడని వాళ్ళలో వాళ్ళకు ఒక వేళాకోళమనీ తరవాత తెలిసింది. ఉద్యోగం మాత్రం ఇచ్చారు.

వేళాకోళం అంటే ఏమిటో ఆ ఫిబ్రవరిలోనే చూశాను. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల లెంట్ ఉంటుంది కదా, మన చర్చిల్లో శ్రమకాలం అంటాం. అది మొదలయ్యేది భస్మ బుధవారం నాడు. దానికి ముందు వారం ఈ జర్మన్లకు పిచ్చి పడుతుంది. ఏడాదంతా గడియారం చూసి దగ్గే మనుషులు ముక్కుకి ఎర్ర బంతులు తగిలించుకుంటారు. పెద్దల్ని, ప్రెసిడెంట్లని, మేయర్లని నిలబెట్టి ఎగతాళి చేస్తారు. ఒకప్పుడు వాళ్ళ ఊళ్ళ మీద పెత్తనం చేసిన సైన్యాన్ని వెక్కిరించడానికి పెట్టుకున్న రేకు పతకాలు ఇప్పటికీ మెళ్ళో వేసుకుంటారు. పదకొండు వాళ్ళకు తిక్క అంకె. పండగ పదకొండు గంటల పదకొండు నిమిషాలకు మొదలవుతుంది. స్టేజీ మీద పదకొండు మంది చిరుగంటలు కుట్టిన టోపీలతో కూర్చుంటారు. పక్కనే ఒక చెక్క పీపా ఉంటుంది. అందులో దిగి నిలబడ్డ మనిషి ఎవర్నైనా ఏమైనా అనవచ్చు. ప్రతి జోకుకీ బ్యాండువాళ్ళు "టడా, టడా, టడా" అని మూడుసార్లు వాయిస్తారు, జనం "హెలావ్!" అని కేక పెడతారు. పీపాలోంచి వచ్చిన మాటకి కోపం తెచ్చుకోకూడదు, అదే చట్టం.

ఆ వారంలో గురువారం ఆడవాళ్ళది. ఆ రోజు రాజ్యం వాళ్ళ చేతికి వస్తుంది. స్టేజీ మీద పదకొండు మందీ ఆడవాళ్ళే, పీపా కూడా వాళ్ళదే. చేతిలో కత్తెర పట్టుకుని తిరుగుతూ కనబడ్డ మగవాడి టై కత్తిరించి, ఆ ముక్కని గోడకి గుచ్చుతారు. మగవాడి హోదా వాడి టైలో ఉంటుందట, దాన్ని కోసేస్తే అందరూ సమానమట.

నాకిది మింగుడు పడేది కాదు. నేను రోజూ టై కట్టుకునే మనిషిని. ఉడుకుతున్న సూప్ ముందు కూడా టైతోనే నిలబడేవాణ్ణి. అది మెరూన్ రంగు సిల్కు టై, నా పెళ్ళినాటిది. అందుకని ఆ గురువారం నేను కిచెన్ గడప దాటేవాణ్ణి కాదు. ఒక ఏడాది ముగ్గురు ముసలమ్మలు కత్తెరతో కిచెన్‌లోకే వచ్చేస్తే, వాకిన్ ఫ్రిజ్‌లోకి దూరి తలుపేసుకుని, క్యాబేజీల మధ్య పావుగంట వణుకుతూ నిలబడ్డాను గానీ టై ఇవ్వలేదు. అలా పదిహేనేళ్ళు కాపాడుకొచ్చాను.

ఇంకొక్క సంగతి చెప్పాలి, కథంతా దాని మీదే ఉంది. జర్మన్లు ఒకటి అంకె రాసేటప్పుడు ముందు కింద నుంచి పైకి ఒక పొడుగాటి గీత లాగి, అక్కణ్ణుంచి నిలువుగా దింపుతారు. మన కంటికి అది అచ్చంగా ఏడు. వాళ్ళ ఏడుకైతే నడుం మీద ఒక అడ్డగీత ఉంటుంది. మొదటి ఏడాది స్టేజీ మీద పండగ వేళని చేత్తో రాసి అంటిస్తే, 77.77 అని చదువుకుని, ఇదెవరి క్రికెట్ సగటురా బాబూ అనుకున్నాను. ఆ తరవాత నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఎవరికీ చెప్పలేదు.

చెప్పవలసిన పిల్లలు వచ్చింది స్టూడెంట్ల వెల్లువ వచ్చిన ఆ ఏళ్ళలో. ఏ టిమ్ హోర్టన్... కాదులెండి, పేరెందుకు, ఏ కాఫీ షాపు ముందు చూసినా రెజ్యూమెలు పట్టుకుని మన పిల్లలే. క్లబ్బు కిచెన్‌లో ముప్ఫై ఏళ్ళుగా వండిన జర్మన్ ఆడవాళ్ళు మోకాళ్ళ నొప్పులతో ఒక్కొక్కరే మానేస్తుంటే, వాళ్ళ ఏప్రాన్లు నల్గొండ, ఖమ్మం, ఒంగోలు పిల్లలు కట్టుకున్నారు. ఒక దశలో తొమ్మిది మంది ఉండేవాళ్ళు. ప్రతి సెమిస్టర్‌కీ మొహాలు మారిపోయేవి. ఇవాళ నేర్పితే ఎల్లుండి "అంకుల్, వేరే చోట షిఫ్టులు ఎక్కువ ఇస్తున్నారు" అని వెళ్ళిపోయేవాళ్ళు. నాకు ఓపిక చచ్చిపోయింది. నేర్పడం మానేసి అరవడం మొదలుపెట్టాను. వాళ్ళు నా వెనక నన్ను టై అంకుల్ అనేవాళ్ళు.

నా పదహారో ఏడు. పండగ వారం, సోమవారం పొద్దున్నే క్లబ్బు ప్రెసిడెంట్ నన్ను ఆఫీసులోకి పిలిచాడు. ఆయన రిటైరైన డెంటిస్టు, సన్నగా, పొడుగ్గా, పన్ను పీకే ముందు చూసినట్టు చూసేవాడు. "డిసెంబర్‌లో సూప్ చల్లారిపోయింది. జనవరిలో మాంసం కాలిపోయింది. నీ కిచెన్‌లో ఎవరికీ ఏమీ తెలియదు" అన్నాడు. "గురువారం అంతా సవ్యంగా జరగాలి. ఒక్క తప్పు జరిగినా ఈస్టర్ నుంచి బయటి కేటరర్ వస్తాడు. నువ్వూ వద్దు, నీ స్టూడెంట్లూ వద్దు."

నాకప్పుడు అరవై రెండు. ఆ వయసులో రెజ్యూమె పట్టుకుని ఆ పిల్లల పక్కన లైన్లో నిలబడటం కళ్ళ ముందు కనబడింది. ఆ మూడు రోజులూ కిచెన్‌లో నా గొంతు తప్ప ఇంకో గొంతు వినబడలేదు.

గురువారం తొమ్మిది గంటలకు బేకరీ నుంచి డోనట్లు వచ్చాయి. లోపల ఏమీ లేని గుండ్రటి డోనట్లు, నూట ముప్ఫై రెండు. పదకొండు టేబుళ్ళు, టేబుల్‌కి డజను. మన కిచెన్‌లో గొట్టంతో జామ్ ఎక్కించి పైన పంచదార పొడి చల్లాలి. అందులో ఒక తమాషా ఉంది. టేబుల్‌కి ఒక్క డోనట్‌లో జామ్‌కి బదులు మస్టర్డ్, అంటే సీసాలో దొరికే ఆవముద్ద, పెడతారు. అది ఎవరికి వస్తే వాళ్ళు ఆ ఏటి వెర్రివెంగళప్ప. ఈ పని ఏటా ఒక పెద్దావిడ చేసేది. ఎనభై దాటిన మనిషి, అందరూ ఓమా అంటారు, అంటే మామ్మ. పీపాలో దిగి మాట్లాడేది కూడా ఆవిడే. ఆ ఏడు మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుని, ఎడం చేత్తో ఒక చీటీ రాసి పంపింది. చీటీ మీద "మస్టర్డ్" అని, పక్కన రెండంకెల సంఖ్య ఒకటి, అంతే ఉంది.

డోనట్ల పని వరంగల్ అమ్మాయికి ఇచ్చాను. చేరి మూడు వారాలు. కాలేజీలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చదువుతోంది. ప్రశ్న వెయ్యకుండా గరిటె కూడా పట్టుకునేది కాదు. ఎందుకు, ఎన్ని, ఏ సైజు, ముందు ఏది? నా ప్రాణానికి వచ్చిపడింది అనుకునేవాణ్ణి. ఆ పొద్దున నేను సాసేజ్‌ల లెక్కతో కుస్తీ పడుతుంటే చీటీ పట్టుకుని వచ్చింది.

"అంకుల్, డోనట్ల మస్టర్డ్ ఏంది?"

"వాళ్ళ ఆచారం. నీకెందుకు?"

"మంచిది. ఇది సెవెంటీ సెవెనే గద? జర ఒక్కసారి చూడండి."

నేను చూడలేదు. నిజంగా చెబుతున్నాను, తల కూడా తిప్పలేదు. "చదువుకున్నదానివి కాదూ? అంకెలు కూడా నేనే చదివి పెట్టాలా? ఎంత రాసుంటే అంత పెట్టు. పో" అన్నాను.

పాపం, ఆ అమ్మాయి తన బుర్ర తను వాడింది. డెబ్బై ఏడుని పదకొండు టేబుళ్ళతో భాగిస్తే సరిగ్గా ఏడు. టేబుల్‌కి ఏడు మస్టర్డ్, అయిదు జామ్. లెక్క ఇంత చక్కగా కుదిరితే ఇంకెవరికి అనుమానం వస్తుంది? సీసాలో ఉన్న పసుపుపచ్చ మస్టర్డ్ పన్నెండు డోనట్లకే అయిపోయింది. మళ్ళీ నా దగ్గరికి వచ్చి తిట్లు తినడం ఇష్టం లేక అల్మరా వెతికింది. దోసకాయలు ఊరబెట్టడానికి ఉంచిన ఆవాల డబ్బా కనబడింది. మస్టర్డ్ అంటే ఆవాలే కదా. శుభ్రంగా మిక్సీలో వేసి, ఉప్పు, పసుపు, చన్నీళ్ళు పోసి, మెత్తగా రుబ్బి, ఓ అరగంట నాననిచ్చి మరీ ఎక్కించింది. నానిన పచ్చి ఆవ ఎలా ఉంటుందో మీ అమ్మలని అడగండి. మనం కుండెడు పులిహోరకి చెంచాడు పెడతాం.

పదకొండూ పదకొండుకి హాల్లో బ్యాండు మోగింది. ఆడవాళ్ళు కత్తెరలతో టేబుళ్ళ మధ్య తిరిగారు. ప్రెసిడెంట్ టై మొట్టమొదట తెగింది. నేను కిచెన్‌కీ హాలుకీ మధ్య ఉన్న వడ్డన కిటికీలోంచి చూస్తున్నాను. సూప్ వేడిగా వెళ్ళింది. సాసేజ్‌లు సమయానికి వెళ్ళాయి. పన్నెండున్నరకి కాఫీ, డోనట్లు కూడా వెళ్ళాక, నేను ఊపిరి పీల్చుకుని, గట్టెక్కాం ప్రభువా అనుకున్నాను.

మొదటి దగ్గు అయిదో టేబుల్ నుంచి వచ్చింది. హాలంతా చప్పట్లు కొట్టింది. దొరికాడు వెర్రివెంగళప్ప! బ్యాండువాళ్ళు టడా అన్నారు. అదే టేబుల్ మీద ఇంకొకాయన లేచి నిలబడి ముక్కు పట్టుకున్నాడు. ఒక టేబుల్‌కి ఒక్కటే కదా అని పక్కవాళ్ళు తెల్లబోయారు. ఆ తరవాత లెక్కపెట్టడానికి లేదు. నవ్వుతున్నవాళ్ళు నవ్వుతూనే కొరికారు. ఘాటు నషాళానికి అంటింది. ఎనభై ఏళ్ళ పెద్దమనుషులు కన్నీళ్ళు కారుస్తూ నీళ్ళ కోసం పరిగెత్తారు. ట్రంపెట్ వాయించేవాడు కొరికిన ముక్క నోట్లో ఉండగా ఊదబోయి, ఊదకుండా కూర్చుండిపోయాడు. స్టేజీ మీద పదకొండు టోపీల గంటలూ దగ్గులకు గణగణమన్నాయి. పీపా పక్కన ఓమా కట్టుకట్టిన చేత్తో ఛాతీ కొట్టుకుంటోంది.

నేను ఒక టేబుల్ నుంచి వెనక్కి వచ్చిన పళ్ళెంలోంచి డోనట్ ఒకటి తీసి చీల్చి వాసన చూశాను. కొంప మునిగిందని ఆ క్షణమే అర్థమైంది. ఆ అమ్మాయి డోనట్ల డబ్బా మీద అంటించిన చీటీ చూశాను. పదకొండు. ఎంత స్పష్టంగా ఉందంటే, జర్మన్ ఒకట్లు రెండూ పక్కపక్కన నిలబడి నన్ను వెక్కిరిస్తున్నట్టున్నాయి.

తలుపు తోసుకుని ప్రెసిడెంట్ వచ్చాడు. సగం తెగిన టై, ఎర్రటి కళ్ళు, ముక్కు నుంచి ధార. "ఎవరు చేశారిది?" అన్నాడు. గొంతు పూర్తిగా రాలేదు.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అదే నాకు ఇప్పటికీ సిగ్గు. వేలెత్తి చూపించాను. "కొత్త పిల్ల సార్. చీటీ తప్పు చదివింది. ఇప్పుడే పంపించేస్తాను."

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "నేను అడిగిన గద అంకుల్! మీరే గద అన్నరు, ఎంత రాసుంటే అంత పెట్టుమని! కనీసం చూడనన్న చూడలే!"

"ఏమంటోంది?" అన్నాడు ప్రెసిడెంట్.

"సారీ చెబుతోంది సార్" అన్నాను.

కిచెన్‌లో ఉన్న మిగతా ఎనిమిది మందీ తెలుగు పిల్లలే. అందరూ నన్నే చూశారు. ఆ అమ్మాయి నన్ను ఒక క్షణం చూసింది. కోపం కూడా కాదు, ఇదేం మనిషి అన్నట్టు చూసింది. ఏప్రాన్ విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టింది. వెనక తలుపు మంచుతో మూసుకుపోయింది, కోట్లన్నీ హాలు ముందు గదిలో ఉన్నాయి. అందుకని హాల్లోంచి నడిచి వెళ్ళవలసి వచ్చింది. చేతులు మోచేతుల దాకా పసుపు.

ఆ పసుపు చూసి కత్తెర పట్టుకున్న ముసలమ్మలు చుట్టుముట్టారు. "ఈ పిల్లే! మస్టర్డ్ పిల్ల!" నేను కిటికీలోంచి చూస్తూ, అయిపోయింది, ఇక పోలీసులే తరవాయి అనుకున్నాను. వాళ్ళు ఆ పిల్లని చెరో రెక్కా పట్టుకుని స్టేజీ మీదకి తీసుకుపోయారు. ఓమా ఏదో చెప్పబోయింది, గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. ఆ పూట పీపాలో మాట్లాడవలసింది ఆవిడే. తన గొంతు చూపించి, అమ్మాయిని చూపించి, పీపా చూపించింది. నా గొంతు పోగొట్టావు కాబట్టి నువ్వే మాట్లాడు అని. పక్కావిడ, చీటీలో ఉన్నది పదకొండనీ తమ ఒకటి అలాగే ఉంటుందనీ చెప్పి, పీపా చట్టం కూడా ఒక్క ముక్కలో చెప్పింది, "ఇందులో నిలబడి నిజం చెబితే ఎవరూ ఏమీ చెయ్యకూడదు."

ఆ అమ్మాయి పీపాలో దిగింది. హాలంతా ముక్కులు తుడుచుకుంటూ చూస్తోంది. ఆమె ఇంగ్లిష్‌లో మాట్లాడింది, నేను మన భాషలో చెబుతున్నాను.

"నాకు జోకులు రావు. నేను ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ స్టూడెంట్‌ని."

ఎవడో కిసుక్కుమన్నాడు. ట్రంపెట్ అతను నోరు తుడుచుకుని, అలవాటు కొద్దీ టడా అన్నాడు. ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటుకి ఇంకొంచెం నవ్వారు.

"కాలేజీలో ఒక సెమిస్టరంతా రిస్క్ గురించి చెప్పారు. అది ఏ రుచిలో ఉంటుందో మాత్రం చెప్పలేదు."

టడా, టడా.

"ఇండియాలో ఒకటి అంటే ఒక గీత. మీ ఒకటి మా ఏడు. ఇప్పుడు నాకు అర్థమైంది. మా ఇంటి ఓనర్ బేస్‌మెంట్ ఒకరికి అని అగ్రిమెంట్ రాశాడు. అక్కడ ఏడుగురం ఉన్నాం. ఆయన కూడా జర్మనే అయ్యుండాలి."

ఈసారి బ్యాండు అవసరం లేకపోయింది. హెలావ్ అన్న కేకకి కిటికీ అద్దం అదిరింది. ఆ అమ్మాయికి ధైర్యం వచ్చింది. పీపా అంచు రెండు చేతులతో పట్టుకుని ప్రెసిడెంట్ వైపు తిరిగింది.

"ప్రెసిడెంట్ గారు డెంటిస్టు. జీవితమంతా జనాన్ని నోరు తెరవమన్నారు. ఇవాళ నేను ఆయన చేత తెరిపించాను. మళ్ళీ మూయడానికి అపాయింట్‌మెంట్ కావాలట."

జనం బల్లలు చరిచారు. ప్రెసిడెంట్ నవ్వలేదు. కానీ కదల్లేదు కూడా, కదలకూడదు, చట్టం.

"ఇక మా బాస్" అంది. "మా బాస్ మూడు భాషల మనిషి. తెలుగులో తిడతాడు. ఇంగ్లిష్‌లో నవ్వుతాడు. జర్మన్ ఎవరైనా మాట్లాడితే వంగి దణ్ణం పెడతాడు." పీపాలోనే నాలా నిటారుగా నిలబడి, లేని టై సవరించుకుంటూ, గడ్డం పైకెత్తి నాలుగు చూపులు చూసింది. కిచెన్‌లో నా వెనక ఎనిమిది మందీ నోళ్ళు నొక్కుకున్నారు. అచ్చం నేనే.

"ఆయన మంచి ట్రాన్స్‌లేటర్ కూడా. ఇందాక నేను మా భాషలో, 'నేను మిమ్మల్ని అడిగాను, మీరు చీటీ చూడనే లేదు' అన్నాను. ఆయన దాన్ని ఇంగ్లిష్‌లో 'సారీ' అన్నాడు. మా భాష ఇంత మర్యాద గల భాషని నాకు ఇన్నాళ్ళూ తెలియదు."

టడా అని ఒక్కసారి మోగి ఆగిపోయింది. నవ్వు మొదలై సగంలో తగ్గింది. నూట ముప్ఫై తలకాయలు వడ్డన కిటికీ వైపు తిరిగాయి. అందులో ఒకటి ప్రెసిడెంట్‌ది.

తల తీసేసినట్టయింది నాకు. పక్కనే వాకిన్ ఫ్రిజ్ ఉంది. నిజం చెబుతున్నాను, ఒక అడుగు అటే వేశాను కూడా. క్యాబేజీల మధ్య నిలబడి, సాయంత్రం దాకా ఆగి, ఆ పిల్ల అబద్ధమాడిందని చెబితే ఆయన ఎవరి మాట నమ్ముతాడు? పదహారేళ్ళ మేనేజర్ మాటా, మూడు వారాల పిల్ల మాటా? నా ఉద్యోగం నిలిచేది. కానీ నా వెనక ఎనిమిది మంది ఉన్నారు. వాళ్ళకి తెలుగు వచ్చు.

పదహారేళ్ళలో మొదటిసారి ఆ గురువారం నాడు కిచెన్ గడప దాటాను. హాలు మధ్యలోంచి స్టేజీ దాకా నడవడానికి పట్టిన సమయంలో గుంటూరు వెళ్ళి రావచ్చుననిపించింది. పైకెక్కి ఇంగ్లిష్‌లోనే చెప్పాను. "ఆమె నన్ను అడిగింది. నేను చూడకుండా తిట్టి పంపించాను. మీ ఒకటి ఎలా ఉంటుందో నాకు పదహారేళ్ళుగా తెలుసు, ఆమెకి చెప్పలేదు. ఆమె సారీ చెప్పలేదు. నేను అబద్ధం ఆడాను."

ఎవరూ నవ్వలేదు. ఇక నా ఉద్యోగం పోయిందని నాకు తెలిసిపోయింది. పోతే పోయింది గానీ మిగిలిన మాట ఒకటి ఉంది. పీపా వైపు తిరిగి తెలుగులో అన్నాను. "తప్పంతా నాదేనమ్మా. నోరు పారేసుకున్నాను. మనసులో పెట్టుకోకు తల్లీ."

ఆ అమ్మాయి కళ్ళు చెమర్చాయి. ఆవ ఘాటో ఏమో.

కింద నుంచి ప్రెసిడెంట్ గొంతు వినబడింది. "ఏమంటున్నాడు?"

అమ్మాయి ముక్కు తుడుచుకుని తాపీగా అంది. "నన్ను ఇవాళ్టి నుంచి సూపర్‌వైజర్ని చేశానంటున్నాడు."

టడా, టడా, టడా! ముందు నవ్వింది కిచెన్‌లోని మన పిల్లలు, ఎందుకంటే ఆ జోకు ముందుగా అర్థమైంది వాళ్ళకే. ఆ తరవాత హాలు అందుకుంది. కాదనడానికి నేను నోరు తెరిచాను. ఓమా బొంగురు గొంతుతో, "పీపా! పీపా!" అంటూ కర్ర ఊపింది. చట్టం చట్టమే. నోరు మూసుకున్నాను. అప్పుడు నాకే నవ్వొచ్చింది. నవ్వడం చేతకాని లూథరన్ని, స్టేజీ మీద పొట్ట పట్టుకుని నవ్వాను.

ఎవరో ఆ అమ్మాయి చేతికి కత్తెర ఇచ్చారు. ఆమె నా మెరూన్ టై చివర పట్టుకుని ఆగింది. "ఎంత కట్ చెయ్యాలె అంకుల్?"

"ఎంత రాసుంటే అంత" అన్నాను.

ముడి దగ్గరికి కోసేసింది.

భస్మ బుధవారం నాడు క్లబ్బులో హెరింగ్ చేప తింటారు. పండగ అయిపోయింది, నవ్వు అయిపోయింది, ఇక పస్తులని గుర్తు. పీపా చట్టం కూడా ఆ పొద్దుటితో సరి. నేను కిచెన్ తాళాలు జేబులో వేసుకుని, టై లేని మెడతో ప్రెసిడెంట్ ఆఫీసుకి వెళ్ళాను. దారిలో మా ఆవిడతో చెప్పి ఏడవడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన చేప తింటున్నాడు. తలెత్తలేదు. తాళాలు బల్ల మీద పెట్టాను. ఫోర్కుతో వాటిని నా వైపే తోసి, కోటు జేబులోంచి ఒక చీటీ తీసి వాటి పక్కన పెట్టాడు.

"ఓమా పంపింది. వచ్చే ఏడాది ఆర్డరు" అన్నాడు. "ఆమెకి వచ్చే ఏడాదీ పీపాలో మాట్లాడే ఓపిక లేదట. మనిషి దొరికిందట." ఇంకో ముక్క నోట్లో పెట్టుకుని నమిలి, "సూప్ మాత్రం వేడిగా ఉంది" అన్నాడు. ఆయన నోటి నుంచి నేను విన్న మెప్పు అదొక్కటే.

ఆ చీటీ అక్కడ చదవలేదు. కిచెన్‌లోకి తీసుకొచ్చి మా సూపర్‌వైజర్ చేతికిచ్చాను. అవును, మాట మాటే, పండగ గురువారం దాటిన సోమవారం నుంచే బోర్డు మీద పిల్లల షిఫ్టులు ఆమే రాసేది. ఆమె చీటీని వెలుతురులో పెట్టి చూసింది. ఎడం చేత్తో వంకర టింకరగా "మస్టర్డ్" అని ఉంది. పక్కన రెండు అంకెలు. రెండింటి నడుం మీదా అడ్డగీతలు, ఒకటి కాదు, మూడేసి సార్లు దిద్ది మరీ గీసింది ఆ మహాతల్లి.

"సెవెంటీ సెవెన్ అంకుల్" అంది. చీటీ మళ్ళీ నా వైపు చాపింది. "అయినా జర ఒక్కసారి చూడండి."

సాసేజ్‌ల కాగితం పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, చూశాను.